తుడుపు మీట

ఒకే ఒక్క వేలితో ఒక మనిషి అవ్వ పాటనూ, ఆళ్లగడ్డ పెత్తనాన్నీ, తన పరువునూ ఒకేసారి ఎలా పోగొట్టుకోవచ్చో చెబుతాను, వినండి. వేలు నాదే కాబట్టి వివరాలు పక్కాగా ఉంటాయి.

రెండువేల అయిదు, ఆరు ప్రాంతంలో నంద్యాలలో మద్దిలేటన్న అనే ఆయన పాటల రికార్డింగ్ స్టూడియో నడిపేవాడు. స్టూడియో అంటే రెండు గదులు, గోడలకు పాత పరుపులు, ఒక కంప్యూటర్. ఆ కంప్యూటర్ ముందు కుర్చీ ఆరేళ్లుగా నాది. ఏ పనికి ఏ కీలు కలిపి నొక్కాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. నా వేళ్ల వేగం చూసి గాయకులు నోరు తెరిచేవారు. ఆ తెరిచిన నోళ్ల కోసమే నేను పొద్దున్నే స్నానం చేసి వచ్చేవాణ్ని.

అంతలో ఆళ్లగడ్డ నుంచి ఓబులేసు దిగాడు, చంకలో ఒక నల్ల పెట్టెతో. దాని మీద ఎనిమిది మీటలు. నేను మూడు కీలు కలిపి నొక్కే పనిని వాడు ఒక్క మీటకు నేర్పించేవాడు. మీటల కింద ప్లాస్టర్ ముక్కలు అంటించి తెలుగులో పేర్లు కూడా రాశాడు: రికార్డు, ఆపు, దాచు, తుడుపు. తుడుపు మీట మరీ ఘనమైనది. డిస్కులో చోటు చాలదు కనుక చెడిన పాటల్ని అది మొదలంటా తీసేస్తుంది. ‘నిజంగా తీసేయాలా’ అని కంప్యూటర్ అడిగితే ‘అవును’ అని కూడా అదే చెప్పేస్తుంది.

“చూడు శీనా, ఒక్క వేలితో పనైపోతాంది. నువ్వేంది ఇన్నేండ్లూ పది వేళ్లూ ఆడిస్తాంటివి?” అన్నాడు మద్దిలేటన్న. అని ఊరుకోక, నా కీబోర్డు తీసి సొరుగులో పడేశాడు.

నాకు కడుపు మండిపోయింది. పొద్దున తిన్న ఉగ్గాని మీద నెపం వేసి రెండు సోడాలు తాగినా తగ్గలేదు. పైగా ఆయన ఇంకో మాట అన్నాడు. “ఆళ్లగడ్డలో ఇంగో స్టూడియో పెడతాండా. రేపు పుల్లమ్మవ్వ పాట అయినాక, దాన్ని ఎవురికి అప్పజెప్పేదీ చెప్తా.”

ఇంకేముంది, ఓబులేసు అన్నానికి పోయిన అరగంటలో నేను పెట్టె ముందు కూర్చున్నాను. నెల రోజులుగా వాడి భుజం మీదుగా తొంగిచూసి నేర్చుకున్నదంతా ప్రయోగించి, దాచు పనిని తుడుపు మీటకూ తుడుపు పనిని దాచు మీటకూ మార్చేశాను. రేపు వాడు దాచబోయి తుడిచేస్తాడు. ఆళ్లగడ్డ నాది. ఇంత తెలివి నాలో ఎన్నాళ్లు దాక్కుందో అని నాకే ముచ్చటేసింది.

మర్నాడు చాగలమర్రి బస్సులో, జానపదాలు పాడే పుల్లమ్మవ్వ వచ్చింది. ఆమెతో రావలసిన తాళం మనిషి బస్సు తప్పిపోయాడు.

“ఓబులేసూ, నువ్వే వచ్చి తాళమెయ్యి నాయనా” అంది అవ్వ.

“అట్లే అవ్వా. శీనన్నా, పెట్టె కాడ నువ్వు కూచో. నీకంటే తెలిసినోడు ఎవురుండారు?” అని వాడు లోపలికి పోయాడు.

నా ఎత్తు తిరగబడింది, కానీ భయం లేదు. మార్చింది నేనే కదా. దాచాలంటే తుడుపు నొక్కాలి, అంతే.

అవ్వ పాడింది. మద్దిలేటన్న కళ్లు తుడుచుకున్నాడు. పాట ముగిసిందో లేదో కరెంటు పోయి, కంప్యూటర్ కింది బ్యాటరీ కీచుమంది.

“దాచు శీనా, బేగా దాచు.”

నేను తాపీగా, ధీమాగా, అందరూ చూస్తుండగా తుడుపు నొక్కాను.

తెర ఖాళీ అయింది.

“పాట యాడికి పోయెప్పా?” అన్నాడు మద్దిలేటన్న.

“పెట్టె చెడిపోయినట్టుంది” అన్నాను.

ఓబులేసు వచ్చి చూశాడు. “పెట్టె బాగానే ఉందన్నా. బ్యాటరీ కూడా అయిపోతేనే నేర్చిందంతా మర్చిపోతాది, కరెంటు వచ్చినాక మళ్లా నేర్పిస్తా. పొద్దున కోతలో అట్లే అయింది కదా, నేనే అన్నీ సరిగా నేర్పించినా.”

అంటే నా తెలివి నంద్యాల పొద్దుటి కరెంటు కోతలోనే కొట్టుకుపోయింది.

“తుడుపు అని అంత పెద్దగా రాసిండాడు. కనపడల్యా?” అన్నాడు మద్దిలేటన్న.

నిజం చెబితే నంద్యాల కుర్చీ కూడా పోతుంది. మీట కింది అక్షరాల మీదికి వంగి, కళ్లు చిట్లించి చూశాను.

“ఇంగోసారి పాడతాలే. ఆ అప్పను మాత్రం బయట కూచోబెట్టండి” అంది అవ్వ. కరెంటు వచ్చాక ఓబులేసు పెట్టెకు మళ్లీ పాఠం చెప్పి, ఒక చేత్తో తాళం వేస్తూ పాట రికార్డు చేశాడు. ఆళ్లగడ్డ వాడిదైంది.

వెళ్లేముందు వాడు ఆ నల్ల పెట్టెను నాకే ఇచ్చాడు. చూస్తే, దాచు పక్కన కొత్తగా వేసిన ట్రంకుపెట్టె బొమ్మ, తుడుపు పక్కన చీపురు బొమ్మ.

“చదువు రాదని ముందే చెప్పకూడదా అన్నా. ఇందులో సిగ్గేముండాది?” అన్నాడు చెవిలో, ఎంతో ప్రేమగా.

ఆ చీపురు సాక్షిగా శపథం చేశాను: ఇకపై ఎవడి పనితనం చూసి కడుపు మండినా చల్లటి మజ్జిగ తాగి పడుకుంటాను గానీ, వాడి మీటల జోలికి పోను. ఆ సాయంత్రమే మూడు గ్లాసులు తాగాల్సి వచ్చింది. వెధవ, చీపురు బొమ్మ కూడా ఎంత బాగా వేశాడో.