అత్త వైపు తిరిగిన కుర్చీ

మా మేనత్త పోయింది. పాండిచ్చేరి రెడ్డియార్‌పాళయంలో వాళ్ల బట్టల దుకాణం షట్టరు పట్టపగలే దించి ఉండటం చూశాను, ఎవరూ చెప్పకముందే అర్థమైంది. గుండె ఆగిందట. కిడ్నీ వల్ల కాదు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో వినండి.

డెబ్బైలలో ఆమెకు మొదటిసారి కిడ్నీలో రాయి వస్తే పక్కటెముకల కింద బారుగా కోశారు. పాడైందని ఎడమ కిడ్నీ తీసేసి, ఆ సంగతి మామకు చెప్పారు. ఆమెకు చెప్పలేదు. "నా వొంట్లోది పోయిందని వీధంతా తెలిసినాక నాకు తెలిసింది పాపా" అని నవ్వేది. నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

ఎనభైలలో, మిగిలిన ఆ ఒక్క కిడ్నీలోనూ రాయి పడింది. రాయికి బీరే మందని చెప్పని మగవాడు పాండిచ్చేరిలో ఉన్నాడా? మామ సీసాలు తెచ్చి లోటాల కొద్దీ తాగించాడు. ప్రేమతోనే, కాదనను. కానీ రాయి అడ్డుపడి దారి మూసుకుపోతే తాగినదంతా ఎటు పోతుంది? మర్నాటికి మూత్రం ఆగిపోయింది. ముఖం ఉబ్బింది.

ఆసుపత్రిలో డాక్టరు మామ ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. వీపులో చిన్న రంధ్రం చేసి, ముందు సన్నని గొట్టంతో మూత్రం బయటికి తెస్తారట. ఆమె తేరుకున్నాక అదే దారిలో రాయిని పగలగొట్టి తీస్తారట. కొత్త పద్ధతి, ఇంకా ఎక్కువమందికి చేయలేదని దాచకుండా చెప్పాడు. కాదంటే మళ్లీ పెద్ద కోత.

"కొత్తదంతా వద్దు సార్. మునుపటి మాదిరే కోసి రాయి తీసేయండి" అన్నాడు మామ.

మంచం మీద నుంచి అత్త గొంతు వచ్చింది. "ఏంది, వీపు ఆయనదా? నన్నడగండి డాక్టర్."

"నీకేం తెలుసు?"

"బీరు గురించి మీకు తెలిసినంత."

డాక్టరు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"రంధ్రం యాడ పెడతారు?"

చూపించాడు.

"ఉన్న ఒక్కటీ పోతే?"

"పోవచ్చమ్మా. కోసినా ఆ భయం ఉంటుంది."

"నిజం చెప్పినారు. రంధ్రమే పెట్టండి."

రాయి తీసిన రోజు మేమంతా గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాం. ఎర్రగా వచ్చింది. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మామ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. మళ్లీ బొట్టు పడింది. మర్నాడు గులాబీ రంగు, ఆపైన మామూలు పసుపు. కిడ్నీ నిలిచింది.

కొత్త వైద్యం గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ మనిషిని అడగని వైద్యం ఎంత చిన్న రంధ్రంతో చేసినా పెద్ద కోతే. కోపం తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోండి.

అప్పటి నుంచి వీధిలో ఏ ఆడమనిషి ఆసుపత్రికి వెళ్లినా అత్త తోడు వెళ్లేది. డాక్టరు మొగుడితో మాట్లాడుతుంటే, "కుర్చీ ఇట్లా తిప్పుకోండి సార్, నొప్పి ఈడుంది" అనేది.

స్నానం చేయించే ముందు, ఏ చీర కట్టాలని మామను అడిగాను. ఆయన కూర్చున్న కుర్చీని కిందున్న అత్త వైపు తిప్పుకుని, వంగి, "ఏది కట్టమంటావు?" అన్నాడు.