ఏడో మెట్టు మీద అర్జునుడి కుడికాలు

ఆ శుక్రవారం అర్జునుడి కాలు జారలేదు. ముందు ఈ మాట రాసేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది. జారిందని మదనపల్లెలో ఒక వారపత్రికలో అచ్చయింది. రాసింది నేను. ఆ సమయానికి నేను అర్జునుడికి గంటన్నర బస్సు ప్రయాణమంత దూరంలో, ఒక కల్యాణమండపంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిన్న సినిమా చూస్తున్నాను.

నాకు మదనపల్లెలో ఫ్యాన్లు, మోటార్లు, వైర్లు అమ్మే అంగడి ఉంది. పెళ్ళిపత్రికలు అచ్చేసే మిత్రుడొకాయన ప్రతి శనివారం నాలుగు పేజీల పేపరు తెచ్చేవాడు. ఆఖరి పేజీలో అడుగున 'ఈ వారం చూసినవి' అనే శీర్షిక నాది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపుల్లో ఆ వారం జరిగిన కచేరీలు, సినిమాలు, నాటకాలు, బొమ్మల ప్రదర్శనలు చూసి రాయాలి. పక్కన నా ఫోటో వేసేవాడు. ఆ ఫోటోలో నాకు ఇప్పటికన్నా చాలా జుట్టు ఉంది. అది కూడా అబద్ధమే గానీ, ఈ రోజు దాని గురించి కాదు.

మొదట్లో అన్నిటికీ వెళ్ళేవాణ్ణి. కుప్పం పోయి రావడమంటే ఒక రోజంతా పోతుంది. అంగడిలో లేకపోతే మా ఆవిడ కూర్చోవాలి. ఆమె కూర్చున్న రోజు బేరాలు నాకన్నా బాగా జరిగేవి, అది ఇంకో బాధ. నెమ్మదిగా కొన్నిటికి సగంలో లేచి రావడం, కొన్నిటికి పోయినవాళ్ళను అడిగి రాయడం మొదలైంది. పోకుండా రాసేటప్పుడు అందరినీ మెచ్చుకునేవాణ్ణి. చూడనివాడు తప్పు పడితే బాగుండదని నా ధర్మం.

ఒకసారి పేపరాయన అన్నాడు:

"ఏమప్పా, నీ రాతల్లో అందరూ బాగా పాడతారు, అందరూ బాగా ఆడతారు. యాడైనా ఒక తప్పు రాయి. లేకుంటే నువ్వు పోలేదనుకుంటారు."

ఆ మాట నాకు బాగా ఎక్కింది. అప్పటినుంచి ప్రతిదానికీ దిష్టిచుక్కలా ఒక చిన్న తప్పు పెట్టడం నేర్చుకున్నాను. మృదంగం కాస్త పైన పడింది. మైకు రెండుసార్లు కూసింది. వందన సమర్పణ సాగింది. ఈ మూడోది ఎప్పుడు రాసినా నిజమే అయ్యేది.

ఇక ఆ వారం సంగతి. సోమవారం పుంగనూరులో సంగీత కచేరీ. రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. పాడే అమ్మాయి ఆపకుండా మైకు లేకుండానే పాట పూర్తి చేసింది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నన్ను వెతికి మరీ చూశారు. అక్కడి ఇన్వర్టరు మా అంగడిదే. బుధవారం కుప్పంలో డ్రాయింగు మాస్టరు ఒకాయన బొమ్మల ప్రదర్శన. అన్నీ ఏనుగులే. రామకుప్పం వైపునుంచి వచ్చిన రైతు ఒకాయన ఒక్కో బొమ్మ ముందూ నిలబడి చాలాసేపు చూశాడు. ఆఖరికి ఒక ఏనుగు దగ్గర ఆగి వేలు పెట్టి చూపించాడు.

"ఇది ఆ పొద్దు మా రాగిచేను తొక్కిందే. చెవి సూడు, చినిగుండాది."

మాస్టరు అది ఊహలోంచి వేసిన ఏనుగు అని చెప్పాడు.

"ఊహలో మా చేనికి ఎందుకు తోల్తివి సామీ?" అన్నాడు ఆ రైతు.

ఆ రెండింటికీ నేను వెళ్ళాను, చూశాను, రాశాను. శుక్రవారం దగ్గరే నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ మధ్యాహ్నం రెండు ఉన్నాయి. మదనపల్లెలో కుర్రాళ్ళు టమోటా మార్కెట్టు మీద తీసిన చిన్న సినిమా. పెద్దపంజాణి వైపు ఒక పల్లెలో భారతం, అర్జునుడి తపస్సు.

మా వైపు పల్లెల్లో ఎండాకాలం వస్తే పద్దెనిమిది రోజులు భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి నాటకం. ఏ రోజు ఏ కథో ముందే ఖాయం. బకాసురుడి రోజు బండెడన్నం ఊరేగుతుంది. ఆఖరి రోజు పొద్దున, మట్టితో చేసి పడుకోబెట్టిన ఇల్లంత దుర్యోధనుణ్ణి భీముడు తొడ మీద కొడతాడు. తపస్సు రోజు మాత్రం పట్టపగలు, నున్నగా చెక్కిన పొడవాటి మాను నాటి, దానికి మెట్లుగా కొయ్యలు కొడతారు. అర్జునుడి వేషం కట్టినాయన మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కి, పైనున్న మంచె మీద శివపూజ చేసి నిమ్మకాయలు, విభూతి కిందికి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను కింద కొంగు పట్టుకుని ఉంటారు, నిమ్మకాయ అందులో పడితే కడుపు పండుతుందని నమ్మకం. ఇదంతా ఏటేటా ఇలాగే జరుగుతుంది. ఏ ఊరి భారతంలోనూ ఇంతవరకూ దుర్యోధనుడు గెలవలేదు. కాబట్టి పోకుండానే రాసేయొచ్చు. నా తప్పుకు మూలం ఈ సౌకర్యమే.

ఆ సినిమాలో మా అంగడి కనబడుతుందని కుర్రాళ్ళు చెప్పారు. అందుకని శుక్రవారం పొద్దున్నే భారతం గురించి రాసి పేపరాయనకు ఇచ్చేశాను. అర్జునుడి వేషగాడు పుంగనూరులో మిషను కుట్టే ఆయన. ఇరవై ఏళ్ళకు పైగా ఆ వైపు పల్లెలన్నిటికీ ఆయనే అర్జునుడు. గాత్రాన్ని మెచ్చుకున్నాను. తర్వాత దిష్టిచుక్క కోసం ఆలోచించాను. మెట్ల మీద తప్ప ఇంకెక్కడ పెడతాం? ఇలా రాశాను: 'ఏడో మెట్టు దగ్గర కుడికాలు జారింది. జనం గుండె గుభేలుమంది. ఆయన తేరుకుని పద్యం అందుకున్నారు. ఎంతటి అర్జునుడికైనా వయసు దాగదు.' ఆ ఆఖరి వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా.

సినిమాలో మా అంగడి నాలుగు సెకండ్లు కనబడింది, షట్టరు మూసి ఉంది. వాళ్ళు ఆదివారం తీశారట.

మూడో వారం అర్జునుడు మా అంగడికి వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో కొలతల టేపు, తియ్యడం మరిచిపోయినట్టుంది. చేతిలో నాలుగు మడతల పేపరు.

"అప్పా, ఇది రాసింది మీరే కదా?"

"నేనే. కూసోండి."

ఆయన కూర్చోలేదు. "ఆ పొద్దు మీరు యాడ కూసోనుండారు?"

"ముందర్లోనే," అన్నాను.

"ముందర్లోనా. అయితే మీకే తెలుస్తాది. పైనుండే వాడికి తెలీదు గదప్పా. ఆ పొద్దుట్నుంచీ నాకు అదే రంధి. మోకాలు డాక్టరుకు కూడా సూపిచ్చినా. ఏమీ లేదన్నాడు. కుడికాలేనా, బాగా గుర్తుండాదా?"

పోట్లాడడానికి వచ్చి ఉంటే నేనూ పోట్లాడి తప్పించుకునేవాణ్ణి. ఆయన తెలుసుకోవడానికి వచ్చాడు. "కుడికాలే," అన్నాను.

ఆయన తన కుడికాలి వంక చూసుకున్నాడు, పని సరిగ్గా చెయ్యని పనివాణ్ణి చూసినట్టు. తర్వాత చెప్పాడు. రామకుప్పం దగ్గర ఒక పల్లెలో వచ్చే నెల భారతం. ఉగాది అయిన వెంటనే వాళ్ళు తాంబూలం ఇస్తారు. ఆకు, వక్క చేతికి వచ్చిందంటే వేషం ఖాయమైనట్టు. ఈసారి రాలేదు. కాలు జారే అర్జునుడైతే ఊరికి మంచిది కాదంటున్నారట. ఒక పడుచువాణ్ణి చూస్తున్నారట. ఆదివారం గుడి దగ్గర తేల్చేస్తారు.

"ఒక ఊరు ఇయ్యకపోతే మిగతా ఊర్లు కూడా ఇయ్యవు. ఆ మాను లేకుంటే నాకు యాడాది పొడుగూతా రవికెలే," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే, ఆ పెద్దపంజాణి పల్లెనుంచి రైతు ఒకాయన బోరు మోటారు కోసం వచ్చాడు. మెల్లగా అడిగాను. "జారేది యాడిదప్పా? ఆ పొద్దు ఆయన పాడినట్టు ఎప్పుడూ పాడలేదు," అన్నాడు.

రాత్రి అన్నం దగ్గర మా ఆవిడకు అంతా చెప్పేశాను. ఆమె మజ్జిగ పోయడం ఆపింది.

"రాసేటప్పుడు చెయ్యి జారలేదు కదా. పోయి చెప్పిరా."

"పేపర్లో సవరణ వేయిస్తా."

"సవరణ ఎవరు చదువుతారు? నీ శీర్షికనే ఎవరూ చదవరనుకుంటి. నువ్వే మనిషిగా పో."

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి రామకుప్పం దగ్గరి ఆ పల్లె చేరేసరికి గుడి పెద్ద పాలకేంద్రం దగ్గర అరుగు మీద ఉన్నాడు. చుట్టూ ఖాళీ క్యాన్లు, ఐదారుగురు మనుషులు. నేను నిలబడే చెప్పాను. ఆ పొద్దు నేను అక్కడ లేనని, కాలు జారిందని ఊరికే రాశానని, తప్పయిపోయిందని.

ఎవరూ కోప్పడలేదు. గుడి పెద్ద నన్ను జాలిగా చూశాడు.

"పుంగనూరాయన మిమ్మల్ని పంపినాడా?"

"లేదు. ఆయనకు తెలీదు."

"సూడప్పా, మంచి మనసుతో వచ్చినారు. కానీ మా వాడే కండ్లారా సూసినాడే."

ఆ 'మా వాడు' అక్కడే ఉన్నాడు. నడివయసు మనిషి. "మా సెల్లెలి ఊరది. నేను ఎదురుగానే ఉండా. జారినప్పుడు గజ్జెలు గల్లుమన్నాయి."

"ఎడమకాలు గదా?" అన్నాడు ఇంకొకాయన.

"కుడికాలు. పేపర్లో కూడా కుడికాలే."

నా అబద్ధానికి సాక్షులు పుట్టారు. అందులోనూ నాకన్నా బాగా చూసినవాళ్ళు. గజ్జెలు నాకు తట్టనే లేదు.

"అది నేను కల్పించింది పెద్దాయనా," అన్నాను గట్టిగా. "నేను పోనేలేదు."

"అంటే మీరు సూడలేదు."

"సూడలేదు."

"సూడనోళ్ళు, జారలేదని మీకెట్ల తెలుసప్పా?"

బోరు మోటారు రైతు మాట చెప్పాను. "ఆ ఊరోళ్ళు వాళ్ళ భారతాన్ని వాళ్ళే తక్కువ చేసుకుంటారా?" అన్నారు. ఇక నాకు దారి తోచక, ఏం చేస్తే నమ్ముతారో చెప్పమన్నాను. గుడి పెద్ద చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సరే. తాంబూలం ఇస్తాం. కానీ ఆ పొద్దు మీరు మాను కింద నిలబడుకోవాల. ఆయన ఎక్కి దిగేదాకా కదలకూడదు."

"యాలకి?"

"పడితే మీ మీద పడనీ."

క్యాన్లు కడుగుతున్న ఆయన కూడా నవ్వాడు. నేను ఒప్పుకున్నాను.

తపస్సు రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. మాను చుట్టూ తడిచీరలతో ఆడవాళ్ళు కొంగులు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ నడుమ చొక్కా విప్పించి నన్ను నిలబెట్టారు. పెళ్ళీడుకొచ్చిన ఇద్దరు కూతుళ్ళ తండ్రిని. పక్కనున్న ముసలమ్మ, కోడలితో వచ్చిందట, నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమి నాయనా, మీ ఇంట్లో అమ్మ రాలేదా?"

"లేదమ్మా. అంగడిలో ఉండాది."

"నువ్వు ఒక్కడివే వస్తే ఎట్లప్పా అవుతాది?" అని తల తిప్పుకుంది.

హార్మోనియం మొదలైంది. కిరీటం, భుజకీర్తులు, గజ్జెలు కట్టుకుని ఆయన వచ్చి మానుకు మొక్కాడు. నా వైపు చూడలేదు. తాంబూలం ఇచ్చేటప్పుడు గుడి పెద్ద అంతా చెప్పేసి ఉంటాడని అప్పుడు అర్థమైంది. మొదటి మెట్టు, ఒక పద్యం. రెండో మెట్టు, ఒక పద్యం. నేను ఆయన పాట ఎన్నో ఏళ్ళు విన్నాను గానీ, కింద నిలబడి మెడ వెనక్కి వంచి వినడం అదే మొదటిసారి. గొంతులో ఎక్కడా వయసు లేదు. ఐదు. ఆరు. నాకు చెమట కళ్ళలోకి కారుతోంది. పడితే పట్టుకోవడానికి తెలియకుండానే చేతులు చాపాను.

ఏడో మెట్టు మీద కుడికాలు పెట్టాడు. పద్యం ఆపాడు. కిందికి, సరిగ్గా నా కళ్ళలోకి చూశాడు. కుడికాలు జార్చాడు.

గజ్జెలు గల్లుమన్నాయి. జనం గుండె గుభేలుమంది. నా గుండె ఎక్కడికి పోయిందో చెప్పలేను. ఆయన రెండు చేతులతో మాను వాటేసుకుని ఒక్క క్షణం వేలాడి, కాలు మళ్ళీ మెట్టు మీద పెట్టి, ఆపిన చోటినుంచే పద్యం అందుకున్నాడు. ఊరు ఊరంతా ఈలలు, చప్పట్లు. పైనుంచి నిమ్మకాయలు పడ్డప్పుడు ఒకటి నా చాచిన చేతుల్లోనే పడింది. ముసలమ్మ నోరు తెరవకముందే ఆమె కోడలి కొంగులో వేసేశాను.

దిగి వచ్చాక ఆయన చెమట తుడుచుకుంటూ నా దగ్గర ఆగాడు.

"ఇప్పుడు సూసినారు గదా. కుడికాలు."

క్షమాపణ కోసం నాలుగు వాక్యాలు కూర్చుకుని పోయాను. మొదటిది మొదలుపెట్టేలోగా గుడి పెద్ద వచ్చి, వచ్చే ఏడు తాంబూలం అక్కడికక్కడే ఆయన చేతిలో పెట్టాడు. "ఆ జారేది మాత్రం వదిలిపెట్టొద్దప్పా. జనానికి బాగా పట్టింది," అన్నాడు. తర్వాత నా భుజం తట్టాడు. "సూసినారా, మీరు రాసిందే నిజం."

ఆ వారం పేపరుకు ఉన్నదున్నట్టు రాశాను. మొదటిసారి జారలేదని, నేను పోలేదని, రెండోసారి కావాలని జార్చారని. పేపరాయన చదివి, 'అర్జునుడు అద్భుతంగా తేరుకున్నారు' అన్న ముక్క ఉంచి మిగతాదంతా కొట్టేశాడు. "ఇదంతా ఎవరు నమ్ముతారప్పా?" అన్నాడు. ఆ శీర్షిక రాయడం అంతటితో మానేశాను. అందుకే ఇంతకాలానికి ఇక్కడ రాయవలసి వచ్చింది.

ఇప్పుడు ఏ ఊళ్ళో తపస్సయినా ఆయన ఏడో మెట్టు దగ్గర కాలు జారుస్తున్నాడు. ఆయన పడుచువాడిగా ఉన్నప్పటినుంచీ అది ఉందని కూడా చెప్పుకుంటున్నారు. వీలైన ప్రతి ఊరికీ నేను వెళుతున్నాను, మొదటినుంచి చివరిదాకా కూర్చుంటున్నాను. ఆ మెట్టు దగ్గర ఆయన ఆగి నన్ను వెతికి చూస్తాడు. నేను తల దించుకుంటాను. పక్కనున్నవాళ్ళు భక్తి అనుకుంటారు.