గుమ్మం బయట లిల్లీలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను ఆ జట్టులో కలపొద్దు. పదకొండేళ్ళుగా బెంగళూరులో నర్సుగా చేస్తున్నాను, అందులో ఆరేళ్ళు డయాలసిస్ వార్డులో. పోయినవాళ్ళ కళ్ళు ఈ చేతులతోనే మూశాను. ఒక్కరూ తిరిగొచ్చి నా భుజం తట్టలేదు.

నేను అనుమానించేది మనుషుల్నే. "నువ్వు దారి తప్పి నర్సువయ్యావు, పోలీసుల్లో చేరాల్సిందానివి" అంటుంది ఒంగోలు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా అమ్మ.

కె.ఆర్.పురంలో నేను అద్దెకుండేది రెండో అంతస్తులో ఒక గది, వంటిల్లు. రావడానికీ పోవడానికీ ఒకటే తలుపు. పిల్లి కింద పడిపోకుండా కిటికీలకి నేనే వల వేయించాను. ఆ పిల్లి ఇంటితోపాటే వచ్చింది. దాన్ని పెంచింది నాకంటే ముందు అక్కడ అద్దెకున్న టీచరమ్మ. ఆమె ఆస్పత్రికి వెళ్ళి మళ్ళీ రాలేదట. కింద మెట్ల మీద కూర్చున్న పిల్లికి ఇంటి ఓనరు మునెమ్మక్క అన్నం పెడుతూ వచ్చింది. "మంచి పిల్లి సిస్టరమ్మా, నీకు తోడుగా ఉంటాది" అని నాకు అప్పగించింది. పేరు చుక్కి. నెల తిరక్కుండానే నా పక్కన పడుకోవడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళాలనిపించడం ఈ ఊళ్ళో నాకు అప్పుడే మొదలైంది.

మా చర్చిలో ఆల్టర్ దగ్గర పూలు పెట్టడం స్త్రీల కూటం పని. ఆరాధన అయ్యాక ఆ పూలు తలా కొన్ని ఇంటికి తెచ్చుకుంటాం, చెత్తలో వేయడానికి మనసొప్పదు. నా వంతుకి లిల్లీలు వచ్చేవి. దండల్లో గుచ్చే సన్న లిల్లీలు కాదు, బొకేల్లో ఉండే పెద్ద తెల్లవి, బూరలా విచ్చుకునేవి. ఒక ఆదివారం వాటిని స్టీలు జగ్గులో బల్ల మీద పెట్టి, తాళం వేసి, మధ్యాహ్నం కూటానికి వెళ్ళాను. అయిదింటికి వచ్చేసరికి జగ్గు గుమ్మం బయట, చెప్పుల స్టాండు పక్కన ఉంది. నీళ్ళు తొణకలేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది. నేనే మర్చిపోయి బయట పెట్టానేమో అనుకుని అక్కడే ఉంచేశాను.

తర్వాతి ఆదివారం బయల్దేరేముందు బల్ల మీదున్న జగ్గుని ఫోన్లో ఫోటో తీశాను. వచ్చేసరికి మళ్ళీ బయటే ఉంది. ఆ పూల నుంచి ఒక పసుపు పొడి రాలుతుంది, బట్టకి అంటితే ఓ పట్టాన వదలదు. ఫోటోలో బల్ల మీద ఆ పొడి ఉంది. ఇప్పుడు లేదు. బల్ల చెమ్మగా ఉంది. చుక్కి తలుపు దగ్గర తోక నిటారుగా లేపి నిలబడింది. బాగా తెలిసినవాళ్ళని చూస్తేనే పిల్లులు అలా తోక లేపుతాయి.

మూడో ఆదివారం తలుపుకీ ద్వారబంధానికీ కలిపి ప్లాస్టర్ టేపు అంటించి, సెలైన్ బాటిల్ మీద రాసినట్టు టైము రాసి వెళ్ళాను. టేపు చెక్కుచెదరలేదు. జగ్గు మాత్రం బయట ఉంది. ఊడదీసి మళ్ళీ అంటించి ఉంటారనుకున్నాను. అనుమానం ఒకసారి మనసులో పడితే దానికి జవాబులకేం కొదవ!

నా అనుమానమంతా మునెమ్మక్క మీదే. ఆమె దగ్గర ఇంకో తాళంచెవి ఉండే ఉంటుంది. నేను లేనప్పుడు లోపలికొచ్చి ఏం వెతుకుతోందో ఏమో! ఆ సాయంత్రమే తాళం మార్పించాను. అంతటితో ఊరుకోలేదు. కింద ఆమె బియ్యం ఏరుకుంటుంటే, పైన నా గుమ్మంలో నిలబడి వీధంతా వినబడేలా అరిచాను. "ఈ ఇంట్లో నా వస్తువులు ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు! ఇంకోసారి లోపల అడుగుపెట్టొద్దు!"

ఆమె తలెత్తి చూసింది. చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తప్పు చేసింది కాబట్టే నోరు రాలేదనుకున్నాను.

నాలుగో ఆదివారం పూలు బల్ల మీదే ఉన్నాయి. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

సోమవారం చుక్కి వాంతి చేసుకుంది. ఒళ్ళు నాక్కుని వెంట్రుకలు మింగిందనుకున్నాను. మంగళవారం మంచం కింద దూరి బయటికి రాలేదు. అలిగిందనుకున్నాను. పిల్లి నొప్పిని దాచుకుంటుందని, దాక్కుందంటే ఒంట్లో బాగాలేదని అర్థమని నాకు అప్పటికి తెలియదు. దాని ఇసుక ట్రే రెండు రోజులుగా పొడిగా ఉంది. శుభ్రం చేసే పని తప్పిందని సంతోషించాను కూడా. వార్డులో ఎవరికి ఎంత మూత్రం వచ్చిందో రోజూ కొలిచి రాసే మనిషిని నేను.

బుధవారం ఎత్తుకెళ్తే, పశువుల డాక్టరు దాని మెడ కింద పసుపు మరక చూడగానే, ఇంట్లో లిల్లీలున్నాయా అని అడిగాడు. ఆ పూలు పిల్లులకి విషమట. రేకు కొరకనక్కర్లేదు, ఒంటి మీద పడిన పొడి నాకినా, జగ్గులో నీళ్ళు తాగినా చాలట. వాంతి అయిన రోజే తెచ్చి ఉంటే ఆశ ఉండేదన్నాడు. రెండు కిడ్నీలూ పోయాయి. శుక్రవారం పొద్దున నా ఒళ్ళోనే ప్రాణం వదిలింది. వార్డులో ఎప్పుడూ ఏడవని దాన్ని, ఆ క్లినిక్ బెంచీ మీద వెక్కి వెక్కి ఏడ్చాను.

సాయంత్రం మునెమ్మక్క దగ్గరికి వెళ్ళాను. ఆ పూల సంగతి తెలిసే, మూడు వారాలు చుక్కిని కాపాడిందని నా నమ్మకం. చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆమె తెల్లబోయింది.

"నేనేల ముట్టుకుంటానప్పా నీ పూలని? ఉండే రెండు బీగంచెవులూ నీకే ఇచ్చినా గదా. ఈ మోకాళ్ళతో మేడెక్కి సంవత్సరమైపాయె."

మోకాళ్ళు చూశాను. నర్సుని కదా, చూస్తే తెలుస్తుంది. ఆ కాళ్ళు రెండంతస్తులు ఎక్కలేవు. మరి నేను ఆ రోజు అన్ని మాటలంటే ఎందుకు ఊరుకున్నావక్కా అని అడిగాను.

"నన్నంటివా?" అంది. "నువ్వు ఇంట్లోకి తిరుక్కోని అరుస్తాంటివి. లోపల ఎవరో ఉండారనుకొని, మనకెందుకులే అని పోయినా."

నేను కిందికి చూస్తూ అరిచాననే నాకు గుర్తు. ఆమె మాత్రం అలా కాదంటోంది. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆమెకి లేదు.

ఫోటో ఇంకా ఫోన్లో ఉంది. ఎన్నోసార్లు తీసి చూశాను, అందులో బల్ల, జగ్గు, పూలు తప్ప ఏమీ లేవు. ఇప్పటికీ నేను దయ్యాల్ని నమ్మను. కానీ నాలుగో ఆదివారం ఆ పూలు బల్ల మీదనుంచి ఎందుకు కదల్లేదని అడిగితే, నా దగ్గర ఒక్క జవాబే ఉంది. నేను ముట్టుకోవద్దన్నాను, ఎవరో నా మాట విన్నారు.