దఖనీ మాట్లాడే రాక్షసుడు

మా అత్తగారు పోయారని నాకు ఫోన్‌లో తెలిసింది. ఆఫీసులో మధ్యాహ్నం టీ తాగుతుంటే మావారు చేశారు. "అమ్మ లేస్తలేదు. చాయ్‌కి లేపిన, లేస్తలేదు," అన్నారు. రెండోసారి అదే మాట అనేసరికి నాకు అర్థమైంది. అన్నం తిని కాసేపు నడుం వాల్చి, ఆ నిద్రలోనే వెళ్లిపోయారు. ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గానే గడిచింది. ఎందరి చావు కబుర్లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కలిపిన మనిషి. ఆవిడ కబురు మాత్రం రెండు ముక్కల్లో అయిపోయింది.

పాతబస్తీలో దబీర్‌పురా స్టేషన్ వెనక మా సందుకు చేరేసరికి ఇల్లు నిండిపోయి ఉంది. జనం మధ్యలో నా పదేళ్ల కూతురు నానమ్మ కాళ్లు పట్టుకుని ఏడుస్తోంది. దగ్గరికి తీసుకోబోతే నా చెయ్యి తోసేసింది. ఆ క్షణంలో నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇక్కడ రాస్తున్నాను, ఏమైనా అనుకోండి. రేపు నేను పోతే ఇది ఇలా ఏడుస్తుందా?

పోయినవాళ్ల గురించి మంచి చెప్పుకోవాలంటారు. చెబుతాను. మా అత్తగారు మంచి మనిషి. ఆ మంచితనమే ఇన్నేళ్లూ నా కడుపుమంట.

దానికి కారణం ఒక పుస్తకం. ఆవిడ కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో పత్తర్‌గట్టి ఫుట్‌పాత్ మీద కొన్న పాత జానపద నవల. పేరేమిటో ఎవరికీ తెలియదు, అట్ట ఎప్పుడో ఊడిపోయింది. వెంకటేశ్వరస్వామి బొమ్మ ఉన్న క్యాలెండర్ కాగితంతో ఆవిడ దానికి అట్ట వేశారు. ఇంటికి వచ్చిన చుట్టాలు అది చూసి, "ఎంత భక్తి వదినా నీకు" అనేవారు. ఆవిడ "హౌ" అని తలూపి ఊరుకునేవారు. లోపల మాత్రం ఒక మాంత్రికుడు రాజు మీద కోపంతో ఊరి నిద్రంతా లాగేసి ఇనప్పెట్టెలో పెట్టి, ఏడు కొండల అవతల పాతిపెడుతూ ఉండేవాడు.

ఆ కథలో రాజకుమారుడు ఒకడున్నాడు. వాణ్ని ఎవరూ పట్టించుకోరు. పిల్లలందరికీ కావలసింది వంతెన కాపలా కాసే రాక్షసుడు. ఊరితో పాటు వాడి నిద్ర కూడా పోయింది. వందేళ్లుగా కళ్లు మూయలేదు, అందుకే వాడికి ఎప్పుడూ చిరాకు. ఎవరైనా వంతెన మీద అడుగు పెట్టారో లేదో, పడుకోనియ్యరా అంటూ లేచి అరుస్తాడు. "కౌన్ హై రే? సోనే బీ నై దేతే క్యా మియా?"

అవును, మా అత్తగారి రాక్షసుడు దఖనీ, అంటే పాతబస్తీ ఉర్దూ మాట్లాడతాడు. రాజు పంతులుగారిలా పుస్తకాల తెలుగు మాట్లాడతాడు. మాంత్రికుడి పెళ్లాం అచ్చం మా వీధి చివర కూరగాయలమ్మే ఆవిడలా బేరమాడుతుంది. ఎక్స్ఛేంజ్‌లో రోజంతా వందమంది గొంతులు విన్న మనిషి కదా, ఎవరి గొంతు కావాలంటే అది తీసేవారు. రాక్షసుడి గొంతు ఎక్కడో పొట్టలోంచి గరగరమంటూ వచ్చేది. సాయంత్రం బడి వదలగానే సందులో పిల్లలంతా మా ఇంట్లో చాప మీద వాలేవారు. ఆవిడ దివాన్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పేజీకి గుర్తుగా పెట్టిన బట్టలారేసే చెక్క క్లిప్పు తీసి పక్కన పెట్టి, నిన్న ఆపిన చోటు నుంచి మొదలుపెట్టేవారు. ఎంత గట్టిగా చదివేవారంటే వంటింట్లో నాకు కుక్కర్ విజిల్ వినపడేది కాదు. ఎక్స్ఛేంజ్ అలవాటు పోలేదని విసుక్కునేదాన్ని.

నేను తెనాలి వైపు పిల్లను. నాకు దఖనీ రాదు. పెళ్లయిన కొత్తలో, తెల్లవారుజామున డ్యూటీకి మావారిని లేపితే దుప్పట్లోంచి, "సోనే బీ నై దేతే క్యా మియా?" అని వచ్చేది. పక్కగదిలోంచి అత్తగారు నవ్వేవారు. అదేమిటో నాకు తెలియదు. తర్వాత మా అమ్మాయికి మాటలొచ్చాక ముగ్గురూ నవ్వడం మొదలైంది. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని. నా ఇంట్లో నాకు రాని భాష ఒకటి ఉండేది.

ఊరుకున్నానా? లేదు. బొమ్మల సైన్సు పుస్తకాలు కొన్నాను. నీతికథలు, గొప్పవాళ్ల బాల్యాలు, గ్రహాల అట్లాసు, అన్నీ నున్నటి కాగితం మీద, రంగుల్లో. మా అమ్మాయి వాటిని వరసగా సర్ది, వాటి మీద కంపాస్ బాక్సు పెట్టుకుంది. ఫోన్‌లో కార్టూన్లు పెట్టి ఇచ్చాను. సాయంత్రమయ్యేసరికి ఫోన్ నా చేతిలో పెట్టి చాప మీదకి పోయింది. ఆ పుస్తకం కాగితాలు చూస్తే పసుపు రంగు, ముట్టుకుంటే పెళుసు, పైగా కథంతా దానికి కంఠతా వచ్చు. తెలిసిన కథ కోసం అంత పరుగెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "అత్తయ్యా, ఈ రాక్షసులూ మంత్రాలూ అబద్ధాలు కదా. పిల్లలకి పనికొచ్చేవి చెబితే బాగుంటుందేమో."

ఆవిడ కోపగించుకోలేదు. అదీ నాకు మంటే. "పనికొచ్చేది బడిల చెప్తరు బిడ్డా," అన్నారు. "ఇది అబద్ధమని పోరగాండ్లకు తెల్సు. తెల్సే ఇంటరు. రాక్షసుని దగ్గర భయపడుడు నేర్సుకున్న పిల్ల లెక్కల సారుకు ఏం భయపడ్తది?"

మా అమ్మాయికి లెక్కల సారంటే భయం లేదు. ఆ మాట నిజం. లెక్కలు రావు, అది వేరే సంగతి.

మేం జల్‌పల్లిలో ఒక చిన్న ప్లాటు తీసుకుని ఇల్లు కట్టుకుందామనుకున్న రోజుల్లో ఆవిడ వచ్చి స్థలం చూశారు. చుట్టూ కొత్త కాలనీ, ఎండ, పాతిన రాళ్లు. "ఏంది గిది? ఈడ రాక్షసుడు గూడ ఉండడు," అని వెనక్కి తిరిగారు. మావారూ, మా అమ్మాయీ నవ్వుకుంటూ ఆవిడ వెంట నడిచారు. ప్లాటు సంగతి అక్కడితో సరి. ఇలాంటివి చూసి కళ్లలో నిప్పులు పోసుకోకుండా ఉండేంత గొప్ప మనసు నాకు లేదు.

ఆవిడ గుడికి వెళ్లిన ఒక సెలవురోజు పొద్దున ఆ పుస్తకం తీసి నేనే చదివాను. అందులో ఏముందో తేల్చుకోవాలనిపించింది. వంతెన దగ్గరకు వచ్చాను. రాక్షసుడు లేచాడు. "ఓరీ మానవాధమా! నా కడకు వచ్చి ఇట్లు అరచెదవేల?" అన్నాడు.

దఖనీ లేదు. మియా లేడు. బేరమాడే పెళ్లాం కూడా లేదు. ఆ గరగర, ఆ తిట్లు, ఆ నవ్వులు అన్నీ ఆవిడ పెట్టినవే. కథ మాత్రం గట్టిదే, కాదనను. నిద్ర పోగొట్టుకున్న ఊరు, ఏడు కొండలు, ఇనప్పెట్టె, పేజీ తిప్పకుండా ఉండలేకపోయాను. అంత పాత కథ ఇన్ని తరాల పిల్లల్ని ఎలా కూర్చోబెట్టిందో అప్పుడు తెలిసింది. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు దానికి తమ గొంతు ఇస్తూ వచ్చారు. ఆ ఇచ్చేది నేను కానందుకు నాకు ఏడుపొచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో పాఠ్యపుస్తకాలు తప్ప ఏమీ ఉండేవి కావు. నాన్న బడిపంతులు. కట్టుకథలు చదివితే బుర్ర పాడవుతుందనేవారు. నాకు ఎవరూ ఏదీ చదివి వినిపించలేదు. నా అసూయ అత్తగారి మీదనే అనుకుంటూ వచ్చాను. చాప మీద మోకాళ్లు ముడుచుకుని నోరు తెరుచుకుని వినే నా కూతురి మీద కూడా అని ఆలస్యంగా తెలిసింది. కన్నబిడ్డ మీద అసూయ పడే తల్లిని మీరు చూసి ఉండరు. ఇప్పుడు చూడండి.

అందుకే సాయంత్రాలు ఏదో పనున్నట్టు వంటింటి గడప దగ్గర నిలబడేదాన్ని. ఒకరోజు అత్తగారు చదవడం ఆపి, "కూసో రాదె బిడ్డా. నిలబడి ఇంటే కాళ్లు గుంజుతయి," అన్నారు. పిల్లలంతా నా వైపు తిరిగారు. "పప్పు మాడుతుంది అత్తయ్యా," అని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద అప్పటికి పప్పు పెట్టనేలేదు. ఆవిడ ఇంకెప్పుడూ పిలవలేదు. నేనూ గడప దాటలేదు.

ఆవిడ పోయిన రోజుకి పుస్తకం మరోసారి చివరికి వచ్చింది. ఒక్క అధ్యాయమే మిగిలింది. ఇనప్పెట్టె తెరుచుకుని ఊరికి నిద్ర తిరిగి వచ్చే అధ్యాయం. క్లిప్పు అక్కడే ఉండిపోయింది.

కర్మకాండలు అయ్యాయి, చుట్టాలు వెళ్లారు. మా అమ్మాయి నిద్ర మానేసింది. పడుకోబెడితే కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉంటుంది. కాస్త కునుకు పట్టగానే ఉలిక్కిపడి లేస్తుంది. బడిలో బెంచీ మీద వాలిపోతోందని టీచరు ఫోన్ చేసింది. డాక్టరు భయపడేదేం లేదన్నాడు. కళ్ల కింద నల్లచారలు చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది.

ఆ చివరి అధ్యాయం చదివితే కుదుటపడుతుందేమో అనుకున్నాను. మావారిని అడిగితే, "నాతోని గాదు. నోరు తెరిస్తే అమ్మ యాదికొస్తది," అని తల తిప్పుకున్నారు. నేనే మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు కాలేదు, "వద్దు మమ్మీ. నువ్వు న్యూస్ చదివినట్టు చదువుతున్నవ్," అని పుస్తకం లాక్కుని తలగడ కింద పెట్టుకుంది. చనిపోయిన మనిషి మీద అంత కోపం రావచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ గొంతు నేర్చుకుందామని పంతం పట్టాను. యూనిఫాం గుడ్డ కోసం పత్తర్‌గట్టి వెళ్లినప్పుడు, దుకాణంలో గొంతు గరగరలాడించి, "యే కపడా కిత్తే కా హై మియా?" అని ధర అడిగాను. ఆ పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. "గొంతు బాగలేదా అమ్మా? తెలుగులనే చెప్పుండ్రి, మాకొస్తది," అన్నాడు. గుడ్డ తీసుకుని తల వంచుకుని వచ్చేశాను.

మొన్న ఆదివారం పొద్దున మావారు డ్యూటీలో ఉన్నారు. పొయ్యి మీద పప్పు పెట్టి, దివాన్ దుమ్ము దులుపుదామని వచ్చాను. మా అమ్మాయి అక్కడ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, తెరవకుండా.

"చివరికి ఏమవుతుందో నీకు తెలుసుగా. చదువుకోరాదూ?" అన్నాను.

"చదివితే రాక్షసుడు నిద్రపోతడు," అంది.

"మంచిదేగా. పాపం వందేళ్ల నుంచి..."

"మళ్ల లేవకపోతే?"

చేతిలో గుడ్డ పక్కన పెట్టి నేల మీద కూర్చుండిపోయాను. పిల్ల నిద్రకు ఎందుకు భయపడుతోందో ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. చెప్పడానికి తోచింది ఒక్కటే.

"ఎందుకు లేవడు? కథ అయిపోగానే నానమ్మ ఏం చేసేది? క్లిప్పు తీసి మొదటి పేజీకి పెట్టేది కదా. మర్నాడు సాయంత్రానికి లేచి మళ్లీ తిట్టేవాడు కదా," అన్నాను.

అది నా మొహం చూసింది. "నీకెట్ల తెల్సు?"

"గడప దగ్గర నిలబడి వినేదాన్ని."

"అది నానమ్మకు తెల్సు," అంది మా అమ్మాయి, అదేమంత విషయం కానట్టు. "అందుకే గట్టిగ సదివేది. మెల్లగ సదువు నానమ్మా, చెవులు నొస్తున్నయ్ అంటే, 'మీ అమ్మకు ఇనబడాలె గదనే' అనేది."

ఎక్స్ఛేంజ్ అలవాటు అనుకున్నాను. అన్నేళ్లు విసుక్కున్నాను. పోయాక కూడా నా మీద ఆవిడదే పైచేయి. ఒళ్లు మండింది, కళ్లు కూడా.

"నువ్వు సదువు," అని పుస్తకం నా చేతిలో పెట్టింది. "రాక్షసుడు వచ్చినప్పుడు నేనంట."

ఆవిడ కూర్చునే చోట కూర్చోలేదు. పిల్లలు కూర్చునే చాప పరిచి దాని మీద కూర్చున్నాను. మా అమ్మాయి నా తొడ మీద తల పెట్టుకుని, క్లిప్పు పిడికిట్లో బిగించింది. నాకు వచ్చిన తెలుగులో రాజకుమారుణ్ని చదివాను. వంతెన వచ్చింది. నేను ఆగాను.

"కౌన్ హై రే? సోనే బీ నై దేతే క్యా మియా?"

పదేళ్ల పిల్ల గొంతులోంచి ఆవిడ వచ్చేసింది. అదే గరగర, చివర్లో అదే విసుగు. ఇంత ఆస్తి నా కూతురికి రాసిచ్చి వెళ్లింది, నాకేం ఇచ్చింది అనుకున్నాను. అనుకుంటూనే తర్వాతి వాక్యం చదివాను.

పెట్టె తెరుచుకుంది. ముందు ఊళ్లో చంటిపిల్లలు నిద్రపోయారు. తర్వాత పశువులు, తర్వాత కోట మీద కాపలావాళ్లు. రాక్షసుడు వంతెన మీద కాళ్లు చాపుకున్నాడు. వాడి ఆఖరి మాట వచ్చింది. ఆగాను. పలుకు లేదు. చూస్తే కళ్లు మూతలు పడి ఉన్నాయి, ఊపిరి నిమ్మళంగా ఆడుతోంది. పిడికిట్లో క్లిప్పు నెమ్మదిగా తీద్దామని చూశాను. వదల్లేదు.

పుస్తకంలో "ఇక నన్ను లేపవలదు" అని ఉంది. నేను అది చదవలేదు. ఇంట్లో ఎవరూ లేరని ఒకసారి అటూ ఇటూ చూసుకుని, చాలా మెల్లగా, "బస్ మియా, అబ్ సోతౌఁ మై. ఉఠావ్ నక్కో," అన్నాను. తెనాలి రాక్షసుడిలాగే వినిపించింది.

"ఇంకొంచెం గరగర, మమ్మీ," అంది నిద్రమత్తులోనే మా అమ్మాయి, కళ్లు తెరవకుండా.

వంటింట్లోంచి పప్పు మాడిన వాసన వస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను.