కళావతి భుజానికి తగ్గ గిటారు

కళావతి ఇరవై రెండేళ్లు హిందూపురం ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించింది. పాడేవాళ్ల పేర్లు ఊరంతటికీ తెలిసేవి. వెనక నిలబడి, నాలుగు లావు తీగల మీద పాటను మోసే ఆమె పేరు తోటి వాద్యగాళ్లకే తెలుసు. ఆమెకు అది చాలు.

మూడేళ్ల కిందట గోరంట్ల నుంచి వస్తుంటే స్కూటీ జారి ఎడమ భుజం ఎముక విరిగింది. ప్లేటు వేసి అతికించారు. అతుక్కుంది గానీ, నాలుగున్నర కిలోల గిటారు తగిలించుకున్న పావుగంటకే వేళ్లు మొద్దుబారేవి. కూర్చుని వాయిస్తే మెడ పట్టేసేది. ఆరు నెలలు పంటి బిగువున లాక్కొచ్చి, చివరికి గిటారును దుప్పట్లో చుట్టి పెనుకొండలో అన్న ఇంట్లో పెట్టింది.

"కండ్ల ముందర ఉంటే చేయి ఊరుకోదన్నా. ఈడే ఉండనీ."

అన్న ఓబులేసుది ఇంటి వెనక రేకుల షెడ్డులో తలుపులూ కిటికీలూ చేసే పని. బోరు ఎండిపోయాక సేద్యం వదిలి వడ్రంగం నేర్చుకున్న మనిషి. సంగీతం సంగతి అతనికి తెలియదు. చెల్లెలు వెళ్లాక దుప్పటి విప్పి, గిటారును ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తట్టి చూశాడు. మర్నాడు ఫోన్ చేశాడు.

"ఇది లోపలంతా గట్టి కొయ్యే మే. ఇంత బరువెందుకు దీనికి?"

"అన్నీ అట్లే ఉంటాయన్నా."

"అట్లే ఉండాలని యాడుండాది?"

వాళ్ల నాయన చేనిగట్టున వేసిన మలబారు వేప చెట్లను నరికించినప్పటి పలకలు షెడ్డులో ఎండి ఉన్నాయి. చేత్తో ఎత్తితే అట్టముక్కల్లా లేస్తాయి. ఓబులేసు రెండు పలకలు అతికించి, గిటారు ఒళ్లు కోసి, లోపల గుల్ల చేసి, పైన పలుచని మూత వేశాడు. పాత గిటారు మెడను దానికే బిగించాడు. తూకం బాగా తగ్గింది. కళావతి ఆశగా తగిలించుకుంది. చేయి వదలగానే మెడ నేలకు వాలిపోయింది. ఒళ్లు తేలికై, తీగలు బిగించే చెవులున్న తల బరువైంది. వాలే మెడను ఎడమచేత్తో ఎత్తిపట్టాల్సి రావడంతో నొప్పి రెట్టింపైంది.

"పోనీలే అన్నా," అంది.

ఓబులేసు నాలుగు రోజులు ఆ గిటారును తాడుకు వేలాడదీసి, ఎటు వాలుతోందో చూస్తూ కూర్చున్నాడు. అయిదో రోజు చెల్లెల్ని పిలిపించి, ఆమె ఎదుటే రంపం తీసుకుని గిటారు తలను మెడ దగ్గర తెగ్గోశాడు. కళావతి కళ్లు మూసుకుంది. తీగల కొసలను మెడ చివర ఇత్తడి పట్టీకి బిగించి, శ్రుతి చేసే చెవులను ఒంటి అడుగుభాగానికి మార్చాడు. బరువంతా కిందికొచ్చింది. ఈసారి చేయి వదిలితే గిటారు కదలలేదు. కిరాణా కొట్టు తక్కెడలో రెండు కిలోల నాలుగు వందల గ్రాములు తూగింది.

కానీ స్పీకరుకు కలిపితే పలకలేదు. తీగల కదలికను కరెంటుగా మార్చే చిన్న డబ్బాను పాత గిటారు నుంచి ఊడదీసినప్పుడు, అందులోని రాగి తీగ తెగింది. వెంట్రుక కన్నా సన్నని తీగ, వేల చుట్లు. హిందూపురంలో మోటార్లకు వైండింగు చేసే రంగప్ప మూడుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లూ తెగింది.

"నా చేయి మొరటుదప్పా. ధర్మవరం పో. పట్టు చుట్టేవాళ్ల చేతిలో పడాల ఇది," అన్నాడు.

అలా అన్నాచెల్లెళ్లు ధర్మవరంలో హనుమమ్మ ఇంటికి వెళ్లారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. పదేళ్ల వయసు నుంచి రాట్నం మీద పట్టుదారం కండెలకు చుడుతోంది. చూపు మందగించింది. రాగి తీగ కొసను వేళ్ల మధ్య తీసుకుని, ఒకసారి లాగి, వదిలి, మళ్లీ లాగింది.

"తెగిపోతుందేమో అవ్వా," అన్నాడు ఓబులేసు.

"తెగేముందర చెప్తాది నాయనా. పట్టు గట్టిగా చెప్తాది, ఇది మెల్లగా చెప్తాది. అంతే."

రాట్నం తిరగసాగింది. ఆమె తీగను చూడలేదు, ఎదురుగా గోడ వైపు చూస్తూ ఉంది. తీగ మాత్రం ఒక చుట్టు పక్కన ఒక చుట్టుగా, దువ్విన జుట్టులా పరుచుకుంటూ పోయింది. ఓబులేసు ముప్పై ఏళ్లుగా పనిముట్లు పట్టినవాడు. అలాంటి చేతిని చూడలేదు. ఊపిరి తగిలినా తెగుతుందేమోనని మొహం పక్కకు తిప్పుకున్నాడు. రెండు గంటల తర్వాత ఆమె వేలు ఎత్తింది. ఎక్కడా తెగలేదు.

ఆ సాయంత్రమే షెడ్డులో కలిపి చూశారు. కళావతి అన్నిటికంటే లావు తీగను ఒక్కసారి మీటింది. మొదట చెవికి కాదు, కాళ్లకు తెలిసింది. బల్ల మీది రంపపు పొట్టు సన్నగా వణికింది. రేకులు గుమ్మన్నాయి. నాయన గట్టున నాటిన చెట్టులో ఇంత లోతైన గొంతు దాగి ఉందని ఓబులేసుకు తట్టనే లేదు. మూత మీద అరచేయి ఆనించి, "ఇంకోసారి," అన్నాడు. ఆమె మీటింది. "ఇంకోసారి," అన్నాడు.

కిందటి మాఘమాసంలో కళావతి ధర్మవరంలో ఒక పెళ్లికి వాయించింది. మూడు గంటలు నిలబడే వాయించింది. తలలేని గిటారును చూసి ముందు వరుసలో పిల్లలు నవ్వారు, పాట మొదలయ్యాక మరిచిపోయారు. ఆఖరి పాట అయ్యాక ఆమె ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, విప్పి చూసుకుంది. అయిదూ కదిలాయి. కుర్చీల వెనక నిలబడి ఉన్న అన్నకు ఆ చేయి ఎత్తి చూపించింది.

"తిమ్మిరెక్కలేదు," అంది దగ్గరికొచ్చి.

"సరే. అన్నం తిందాం పా," అన్నాడు ఓబులేసు. గిటారును మాత్రం ఆమెను మోయనివ్వలేదు.