అమ్మమ్మ గదిలో రెండు కెమెరాలు

ఏటా మొదటి చలి రోజున ఇంటి హీటర్ వేయగానే వేడిగాలి వచ్చే వెంట్‌లలోంచి కాసేపు మాడిన దుమ్ము వాసన వస్తుంది. వేసవంతా లోపల పేరుకున్నది వేడికి కమురుతోందని, కాసేపట్లో పోతుందని నాకు తెలుసు. అయినా ఆ వాసన తగలగానే భుజాలు బిగుసుకుంటాయి. పక్కన ఎవరో వచ్చి కూర్చోబోతున్నారనీ, అటు చూడకూడదనీ అనిపిస్తుంది.

ఫ్రిస్కోలోని మా ఇంట్లో నాకూ అమ్మమ్మకూ కలిపి ఒకటే గది, ఒకటే మంచం. బాపట్ల నుంచి సముద్రాలు దాటి వచ్చి మాతో ఉన్న అమ్మమ్మ పొద్దున్నే తల దువ్వుకుని, మొహానికీ మెడకీ పౌడర్ దట్టంగా అద్దుకుని, పెద్దక్షరాల బైబిల్ ఒళ్ళో పెట్టుకుని, నా స్కూల్ బస్సు కోసం కిటికీలోంచి నాకంటే ముందు తనే ఎదురుచూసేది. క్రిస్మస్ నెల వస్తే గరాజ్‌లో పొయ్యి పెట్టించి అరిసెలు చేసేది. ఆ బెల్లం పాకం వాసన కారు సీట్లకు పట్టి కొత్త సంవత్సరం దాకా వదిలేది కాదు. నేను ఆవిడ పమిట కొసను వేలికి చుట్టుకుని నిద్రపోయేదాన్ని. ఒక ఏడాది, ఆకులు రాలే రోజుల్లో, అమ్మమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది. నాకు మెలకువ వచ్చేసరికి పమిట నా వేలికే ఉంది. పక్కన చెయ్యి చల్లగా ఉంది.

సమాధి చేసిన రోజు అమ్మ ఏడవలేదు. ఆ తర్వాత సరిగ్గా తినలేదు కూడా. ఆ గది తలుపు మూసేసి, దుమ్ము లాగే వాక్యూమ్‌ని సైతం లోపలికి పోనివ్వలేదు. నేను అమ్మానాన్నల మంచం పక్కన పరుపు వేసుకుని పడుకునేదాన్ని. కొత్త సంవత్సరం నుంచి మాత్రం నా గదిలో నేనే పడుకోవాలని అమ్మ చెప్పింది. గడిచే ఒక్కో రోజూ నన్ను ఆ తలుపు వైపు నెడుతున్నట్టుండేది.

అవి జేబులో పట్టే డిజిటల్ కెమెరాలు ఇంటింటికీ వస్తున్న రోజులు. నాన్నది వెండిరంగుది, పల్చటిది. ఎండలో తీస్తే బొమ్మలు ముచ్చటగా వచ్చేవి గానీ ఇంట్లో తీస్తే మొహాలు పాలిపోయి, కళ్ళు ఎర్రగా మెరిసేవి. చర్చిలో నాన్న స్నేహితుడు శామ్యూల్ అంకుల్‌ది నల్లది, లావుపాటిది. మీట నొక్కితే దాని నెత్తిన ఫ్లాష్ పైకి లేచేది. ప్రార్థన అయ్యి బిర్యానీ ప్లేట్లు పట్టుకుంటే చాలు, ఇద్దరికీ అదే గొడవ.

"ఏం బ్రదర్, సబ్బుపెట్టె తెచ్చారా?" అనేవారు అంకుల్.

"మీ ఇటుక కంటే నయమే బ్రదర్. కేక్ కట్ చేసేలోపే బ్యాటరీలు అయిపోతయ్ దానికి," అనేవాడు నాన్న.

క్రిస్మస్‌కి కొత్త గౌను వేశాక, అమ్మ ఆ గది తలుపు తెరిచి నన్ను అమ్మమ్మ మంచం మీద కూర్చోబెట్టింది. నాన్న తీశాడు. ఆ వెండి కెమెరాకి ఒక అలవాటుండేది. మీట నొక్కగానే బీప్ అనేది, తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాత ఎప్పటికో ఫ్లాష్ పడేది. బొమ్మలో నా భుజం పక్కన, అమ్మమ్మ తలగడకు పైన, పాలరంగులో గుండ్రంగా, చుట్టూ సన్నటి అంచుతో ఏదో తేలుతోంది.

"మా అమ్మే," అంది అమ్మ.

"ఆవిడ ప్రభువు దగ్గరుంది కదా," అన్నాడు నాన్న.

"ఉంటే? మనవరాల్ని చూట్టానికి రాకూడదా?"

ఆ రోజు అమ్మ కడుపునిండా తింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం నన్ను ఆ మంచం మీద కూర్చోబెట్టి తనే తీసేది. నేను లైబ్రరీ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంటే, "పుస్తకం దించవే. అటు చూడకు, అమ్మమ్మ వెళ్ళిపోద్ది," అనేది. బీప్‌కీ ఫ్లాష్‌కీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే అది వచ్చి నా పక్కన కూర్చుంటుందని నాకు అర్థమైపోయింది. ఊపిరి బిగబట్టి, ఎదురుగా గోడనే చూస్తూ ఉండేదాన్ని. ఒక సాయంత్రం బీప్ వినగానే గౌను తడుపుకున్నాను. నాన్న నన్ను ఎత్తుకుని కడిగి, అంకుల్‌కి ఫోన్ చేశాడు. "ఒకసారి మీ ఇటుక పట్టుకురండి బ్రదర్."

నన్ను అదే చోట కూర్చోబెట్టి, రెండు కెమెరాలతో పక్కపక్కనుంచి తీశారు. వెండిదాంట్లో మూడు వలయాలు. నల్లదాంట్లో నేనూ, మంచమూ, గోడా, అంతే. మళ్ళీ తీశారు. మళ్ళీ అంతే.

"మీదాంట్లో ఫ్లాష్ లెన్స్‌ని ఆనుకునే ఉంది. హీటర్ గాలికి ఎగిరే దుమ్ముని పట్టి ఇంతలావు చేసి చూపిస్తోంది," అన్నారు అంకుల్. నాన్న తలగడ మీద గట్టిగా చరిచి సబ్బుపెట్టె మీట నొక్కాడు. తెర నిండా మంచు కురిసినట్టు వలయాలు. "దయ్యం కాదమ్మా, దుమ్ము!" అని అంకుల్ నవ్వితే నేనూ గట్టిగా నవ్వేశాను.

అంతలో గదంతా అమ్మమ్మ పౌడర్ వాసన లేచింది.

"కొట్టకండి!" అంటూ అమ్మ తలగడ లాక్కుంది.

"పిల్ల పడుకోవాలి కదా, వాక్యూమ్ తెస్తా," అన్నాడు నాన్న మెల్లగా.

"అది కూడా లాగేస్తే మా అమ్మది ఇంకేం మిగులుద్దండీ?" అని అమ్మ గుమ్మానికి అడ్డంగా కూలబడి, తలగడలో మొహం పెట్టుకుని, అన్నాళ్ళూ ఏడవనిదంతా ఏడ్చింది. పెద్దవాళ్ళు అలా ఏడవగలరని నాకు తెలియదు. వలయాల భయం ఖాళీ చేసిన చోట అంతకంటే పెద్దది వచ్చి కూర్చుంది: అమ్మ ఇంక ఇలాగే ఉండిపోతుందేమో.

"క్లీన్ చేయొద్దు అమ్మా. నేను ఇక్కడే స్లీప్ చేస్తా," అన్నాను. అంటున్నప్పుడు నా పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆ రోజు అమ్మ కూడా నా పక్కనే పడుకుంది. నేను అమ్మ పమిట పట్టుకోలేదు, చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉందా లేదా అని చూస్తూ చూస్తూ నిద్రపోయాను.

ఆ ఇల్లు అమ్మేశాం. కొనుక్కున్నవాళ్ళు కార్పెట్ పీకించి చెక్క పరిపించారట. సబ్బుపెట్టె, ఇటుక రెండూ ఎక్కడికి పోయాయో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు ఫోన్‌లో వేలు తగిలీ తగలకముందే బొమ్మ పడిపోతుంది, మధ్యలో ఎవరైనా వచ్చి కూర్చునేంత ఖాళీ ఉండదు. మొన్న అమ్మని తీశాను. అడక్కుండానే ఫోన్ అమ్మ బుగ్గ మీది మచ్చనూ కళ్ళ కింది ముడతలనూ నున్నగా చెరిపేసింది. "బాగుందే, చిన్నదాన్నయిపోయా," అని అమ్మ మురిసిపోయింది. తను అటు వెళ్ళాక ఆ బొమ్మని పెద్దది చేసి, భుజాల పక్కన, జుట్టు చుట్టూ, వెనక గోడ మీద, మూలమూలా వెతికాను. ఎక్కడా ఒక్క నలుసు కూడా లేదు. అంత శుభ్రంగా ఉన్నందుకే, రేపు అమ్మది ఏం మిగులుతుందోనని నాకు భయం వేసింది.