మా మేనత్త నవ్వితే భయమేసేది

పోయిన నెలలో ఒకరోజు నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే నాన్న ఫోన్ చేశాడు. "అత్తమ్మ పోయింది బిడ్డా. చాయ్ తాగి కుర్సీల కూసుంది. గట్లనే ఒరిగింది," అన్నాడు. మా మేనత్త, నాన్నకు అక్క. డెబ్బై దాటిన మనిషి. నన్ను పెంచిన మనిషి. ఆ మాట వినగానే నాకు ఏడుపు రావాలి. నేను మాత్రం, "చాయ్ ఒక్కటేనా నాన్నా? ఇంకేమన్న తాగిందా?" అని అడిగాను.

"గుండె ఆగిందని డాక్టర్ చెప్పిండు. గట్లెందుకడుగుతున్నవ్?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. సదాశివపేటలో జహీరాబాద్ బస్సెక్కి కూర్చున్నాక కూడా నా చేతులు చల్లగానే ఉన్నాయి. నేను ఇంటర్ చదివే రోజుల్లో పట్టుకున్న భయం అది. అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఆమె ఏమీ అనుకోదని నమ్మకం.

మేనత్తను రాయికోడ్ దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. పిల్లలు కలగలేదు. ఆమెకు నలభై నిండకముందే పొలం గెట్టు దగ్గర అన్నదమ్ములకు మాటామాటా పెరిగింది. ఆమె బావ, అంటే మామయ్యకు అన్న, చేతిలో ఉన్న పార ఎత్తి తమ్ముణ్ణి ఒక్కటే దెబ్బ కొట్టాడు. మామయ్య అక్కడికక్కడే పోయాడు. బావకు జైలు పడింది. మేనత్త ఒక ఇనుప పెట్టె, ఒక కుట్టు మిషన్ పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. నాకప్పుడు రెండేళ్లట.

నాకు తెలిసిన అత్తమ్మ ఎప్పుడూ మిషన్ మీదే ఉండేది. జహీరాబాద్‌లో ఝరాసంగం పోయే ఆటోలు నిండేదాకా ఆగే చోటుకు ఎదురుగా మా ఇల్లు. ఆ వైపు కిటికీ పక్కన కూర్చుని జాకెట్లు కుట్టేది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది. వడ్డించే ముందు మూడుసార్లు చేతులు కడుక్కునేది. ఎవరి జాకెట్ బిగుతైనా, "నువ్వు లావు కాలే, బట్టనే ముడుసుకున్నది," అని వాళ్ల పరువు కాపాడేది. అంత మంచి మాటలు చెబుతూ కూడా నవ్వేది కాదు. నా పదహారేళ్ల వరకూ ఆమె పైకి నవ్వగా నేను వినలేదు.

విన్నది ఒక నవల వల్ల.

చిన్నపిల్లల గౌన్లకు కాలర్లు, చేతులు కత్తిరించడానికి ముందు కాగితం మీద కొలతలు గీసుకునేది. అందుకోసం పాత పేపర్ల కొట్టు నుంచి చిత్తు పుస్తకాలు తెచ్చుకునేది. అందులో ఒకటి అట్ట లేని నవల. పేరు తెలియదు, రాసిందెవరో తెలియదు. అప్పటికే ఆమె కళ్లకు శుక్లాలు, చిన్న అక్షరాలు ఆనేవి కావు. ఒక మధ్యాహ్నం ఆ పుస్తకం నా చేతికిచ్చి, "జర సదువు బిడ్డా. నేను కుట్టుకుంట ఇంట," అంది.

అందులో ఒక జమీందారు తమ్ముణ్ణి చంపి ఆస్తి కలుపుకుంటాడు. తమ్ముడి భార్య పగబడుతుంది. బావగారి బూటులో తేలును వేస్తుంది. ఆరోజే ఆయన కాలు వాచి, ఆ బూట్లు తన వకీలుకు ఇచ్చేస్తాడు. వకీలు కోర్టులోనే గంతులేస్తే జడ్జి అది తనను వెక్కిరించడమనుకుంటాడు. తర్వాత ఆమె ఒక కిరాయి హంతకుణ్ణి పంపుతుంది. వాడికి రక్తమంటే కళ్లు తిరుగుతాయి. బావగారు గడ్డం గీసుకుంటూ చిన్నగా గాటు పెట్టుకుంటే, అది చూసి వాడు దబ్బున పడిపోతాడు. బావగారే నిమ్మరసం తాగించి, లేపి, ఇంట్లో వంటవాడిగా పెట్టుకుంటాడు.

అక్కడ అత్తమ్మ నవ్వింది. పెదాల మధ్య గుండుసూదులు జలజలా ఒళ్లో రాలాయి. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయాను. తమ్ముడు, బావ, పగ. ఈ కథ ఎవరిదో నాకు అప్పుడు తట్టింది. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.

అదే వారంలో కబురొచ్చింది. ఆమె బావ జైలు నుంచి విడుదలయ్యాడు. ఒకసారి వచ్చి కలుస్తానని మనిషితో చెప్పి పంపాడు. నాన్న మండిపడ్డాడు. "అక్కా, రావద్దని చెప్త," అన్నాడు.

అత్తమ్మ దారం తెంపుతూ, "రానియ్యి తమ్మీ. అయితారం పగటీలి రమ్మను. అన్నం పెడ్త," అంది.

ఆరోజు నుంచి నవల చదవమంటే నేను ఏదో పని ఉందనేదాన్ని. ఆమె వదిలేది కాదు. నవలలో మూడో ప్రయత్నంగా ఆ భార్య బావగారిని భోజనానికి పిలుస్తుంది. పాయసంలో మందు కలుపుతుంది. గిన్నె పట్టుకుని వడ్డించడానికి వంగుతుంది. అక్కడితో పుస్తకం అయిపోయింది. చివరి పేజీలు అప్పటికే కాలర్లయిపోయాయి. ఇద్దరం కత్తిరింపుల సంచి బోర్లించి వెతికాం. ఒక గౌను చేయి ఆకారం ముక్క మీద "రెండో గరిటె" అన్న మాట దొరికింది. అంతే.

"మల్ల గా పాయసం కాడ సదువు," అంది.

చదివాను.

"ఎంత కలిపిందట?"

"రాయలేదు అత్తమ్మా," అన్నాను. పుస్తకం మూసేశాను.

మరునాడు దారపు ఉండల కోసం ఆమె ఇనుప పెట్టె తెరిచాను. చీరల అడుగున పురుగుల మందు సీసా ఉంది. పత్తి చేలలో కొట్టేది. మాకు పొలం లేదు. మూత పెట్టి ఉన్నా వాసన ముక్కుకు తగిలింది. పెట్టె మూసేసి వంటింట్లోకి పోయి నీళ్లు తాగబోతే, ఆ నీళ్లను చూసినా భయమేసింది.

నాన్నకు చెబితే అత్తమ్మను ఇంట్లో ఉండనివ్వడేమో. చెప్పకపోతే ఆదివారం ఒక మనిషి మా ఇంట్లో చచ్చిపోతాడు, ఆమెను పోలీసులు తీసుకుపోతారు. నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. ఆమె నా నుదురు ముట్టుకుని, "జరమొచ్చిందా బిడ్డా?" అని అడిగేది. ఆ చేయి తగిలితే తల పక్కకు తిప్పుకునేదాన్ని. ప్రతిరోజూ నా తల దువ్విన చేయే అది.

ఆదివారం పొద్దున్నే ఆమె సేమ్యా పాయసం వండింది. నేను పరుగున పోయి పెట్టె తెరిచాను. సీసా లేదు.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. నేను రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. వచ్చింది వంగిపోయిన ముసలాయన. నాన్న ఆయన ముఖం చూడకుండా పీట చూపించాడు. ఆయన తల ఎత్తకుండా రెండు ముద్దలు తిన్నాడు. "తప్పయింది, మాఫ్ జెయ్యమ్మా," అన్నాడు.

"మాఫ్ మాత్రం జెయ్య," అంది అత్తమ్మ. "ఆకలితోటి వచ్చినవ్. అన్నం పెట్టిన. గంతే."

తర్వాత పాయసం గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. చేయి చాచాడు. నా కాళ్లు వాటంతటవే కదిలాయి. పోయి ఆ గిన్నె లాక్కున్నాను. ఏం చెప్పాలో తెలియక, "ఇది నాకు కావాలె," అని అరిచాను. గిన్నె నా నోటి దగ్గరికి వచ్చేసింది.

అత్తమ్మ నా ముఖం చూసింది. ఆమెకు మొత్తం అర్థమైంది. నా చేతిలోంచి గిన్నె తీసుకుని, అక్కడే నిలబడి, గుటగుటా మొత్తం తాగేసింది. మూతి తుడుచుకుని, "పోరికి పాయసమంటే పానం," అని నాన్నతో చెప్పి, వేరే గిన్నెలో ఆయనకు వడ్డించింది. ఆయన చివరి బొట్టు దాకా తాగాడు.

నేను మాత్రం ఆమెనే చూస్తూ గోడకు ఆనుకుని ఉన్నాను. ఆమె ఎప్పుడు కూలిపోతుందా అని. ఆయన వెళ్లాడు. నాన్న బయటికి పోయాడు. ఆమె గిన్నెలు కడిగింది. ఏమీ కాలేదు. అప్పుడు నేను బావురుమన్నాను.

"సీస మొన్ననే ఇచ్చేసిన బిడ్డా," అంది నా పక్కన కూర్చుని. "ఝరాసంగం పోయే ఆమె జాకెట్ కోసమొస్తే ఇచ్చిన. పత్తిల కొట్టుకుంటదట."

"మరి ఎందుకు తెచ్చినవ్?"

"సంపుదామనే తెచ్చిన. అబద్ధం జెప్ప. గని గా నవలల ఆమె తిప్పలు ఇన్నవు గద. తేలును పట్టుడు, కిరాయోని దెచ్చుడు, అన్నీ బేకార్. ఇనుకుంట నవ్విన. నవ్వినంక నాకు చెయ్యి రాలే." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు గా గిన్నె నోటికాడ పెట్టుకుంటే నా గుండె జల్లుమన్నది. నాకు ఎరుకనే, అండ్ల ఏం లేదని. అయినా భయమైంది. ఎన్నొద్దుల సంది నన్ను జూసి భయపడుతున్నవ్?"

"నాలుగొద్దుల సంది."

ఆమె నా చేయి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ ఇనుప పెట్టె మూత తెరిచే ఉంచేది. ఏది తెచ్చినా ముందు నాకు చూపించేది. దగ్గు మందు తెచ్చుకున్నా మూత తీసి, "వాసన చూడు," అనేది. కళ్లకు ఆపరేషన్ అయ్యాక తనే చదువుకోగలిగినా నాతోనే చదివించుకునేది. హత్యల కథలే కావాలనేది. నవ్వొస్తే పడిపడి నవ్వేది. నాకు మాత్రం ఆ నవ్వు విన్నప్పుడల్లా ఒక్క క్షణం ఒళ్లు జలదరించేది. అది ఆమెకూ తెలుసు. వెంటనే నవ్వు ఆపి నా వైపు చూసేది. నన్ను ప్రేమించడంలో అదీ ఒక భాగమని పెద్దయ్యాక గాని నాకు తెలియలేదు.

ఆరోజు బస్సు దిగి ఇంటికి చేరేసరికి పాడె కడుతున్నారు. అత్తమ్మ ముఖం ప్రశాంతంగా ఉంది. కాళ్ల దగ్గర కూర్చుని అప్పుడు ఏడ్చాను. నాన్నను అలా అడిగినందుకు కూడా ఏడ్చాను.

తల ఎత్తితే రోడ్డుకు అవతల ఆటోల పక్కన అత్తమ్మ బావ కనిపించాడు. ఇంకా ముసలివాడైపోయాడు. ఎండలో నిలబడ్డాడు గాని లోపలికి రావడం లేదు. గ్లాసుతో నీళ్లు తీసుకుని రోడ్డు దాటాను.

"నువ్వేనా గా పొద్దు గిన్నె గుంజుకున్నది?" అన్నాడు.

తలూపాను.

"మందు కలిపి ఉంటదనుకునే వచ్చిన బిడ్డా నేను. తాగిపోదామనే వచ్చిన. ఆమె అన్నమే పెట్టింది." గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇంటికి పోయి రెండు దినాలు పండుకోలే. ఇగ పోత, ఇగ పోత అనుకుంట కూసున్న."

మా ఇద్దరికీ ఆ పాయసం భయంగానే మిగిలిందని అప్పుడు తెలిసింది.

పాడె లేచింది. డప్పు మొదలైంది. ఆయన గ్లాసు నా చేతికిచ్చి, చెప్పులు విడిచి చంకలో పెట్టుకుని, జనానికి బాగా వెనక, కాలే తారురోడ్డు మీద వట్టి కాళ్లతో నడవసాగాడు. ఖాళీ ఆటో ఒకటి పక్కనే నెమ్మదించింది. "ఎక్కుతవా తాతా?" అని డ్రైవర్ కేకేశాడు. ఆయన వద్దన్నట్టు చేయి ఊపి, తల మీద తువ్వాలు కప్పుకుని, పాడె మలుపు తిరిగిన వైపే నడుస్తూ పోయాడు.